డబుల్ బెడ్రూం ఫ్లాట్ రివ్యూ: ఇంటికి నాలుగు స్టార్లు, లైనుకి ఒకటే

ముందే చెప్తున్న, మా కాలనీ పేరు రాయను. రాస్తే కింద అంతా ఎవరు కట్టిండ్రు ఎవరు పంచిండ్రు అని పార్టీల లొల్లే నడుస్తది, ఫ్లాట్ ఎట్లుందో ఒక్కడు కూడా అడగడు. సిటీ చుట్టూ ఉన్న ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు)కి దగ్గర, సిటీకి దూరం, పదంతస్తుల బ్లాకులు, వేల ఫ్లాట్లు, ఇంతవరకు తెలిస్తే చాలు. తెలంగాణ సర్కారు గరీబోళ్ళకు ఫ్రీగ ఇచ్చే డబుల్ బెడ్రూం స్కీముల ఇల్లు మా అమ్మ పేరు మీద 2023 డ్రాలో వచ్చింది. పైన లైను అన్నది ఇండ్ల కోసం ఎదురుచూసేటోళ్ళ వరుస, దాని ముచ్చట కిందొస్తది. నేను చేసేది ఎలక్ట్రీషియన్ పని, రోజూ కోటి రూపాయల ఫ్లాట్లల్ల వైరింగ్ చేస్తుంట కాబట్టి ఏ ఇంట్ల అడుగుపెట్టినా ముందు స్విచ్ బోర్డు దిక్కే పోతది కన్ను, రివ్యూ కూడా అట్లనే ఉంటది, ఏమనుకోకుండ్రి.

ఇంటి లోపలి నుంచి మొదలుపెడత. ప్లింత్ ఏరియా, అంటే గోడలతో కలిపి, 560 చదరపు అడుగులు, హాలు, రెండు బెడ్రూంలు, కిచెన్, రెండు బాత్రూంలు, అందుల ఒకటి బెడ్రూంకి అటాచ్డు. పేపర్ మీద చూస్తే చిన్నగనే అనిపిస్తది, గేటెడ్ కమ్యూనిటీల పని చేసొచ్చి మా హాల్లో కూసుంటే నాకే అనిపిస్తది. కానీ మేం ముందు సికింద్రాబాద్ దిక్కు బస్తీల కిరాయికి ఉంటుంటిమి, ఒక్కటే రూము, ఒక మూలకు స్టవ్వు, ఇంకో మూలకు బీరువా, బాత్రూం బయట, నాలుగు కుటుంబాలకు కలిపి ఒకటి. రెండు బాత్రూంలున్న ఇల్లంటే ఏందో పొద్దుగాల ఆరింటికి తెలుస్తది, ఇంట్ల ఆడోళ్ళకు ఇంకా బాగా తెలుస్తది. ఫ్లోరంతా టైల్స్ ఏసిండ్రు, కిచెన్ల ప్లాట్‌ఫాం, సింకు, సామాన్లు పెట్టుకోనీకి సజ్జ, రెండు బెడ్రూంలకూ కిటికీలు, గాలి వెలుతురు బాగనే వస్తది.

ఇంతకుముందు సర్కారు ఇండ్లు చూసినోళ్ళకు తేడా వెంటనే తెలుస్తది. 2001ల వచ్చిన వాంబే ఇండ్లు, ఆ తర్వాత రాజీవ్ గృహకల్ప, జేఎన్ఎన్‌యూఆర్ఎం ఇండ్లు, ఎక్కువశాతం ఒక్క రూము లేకపోతే ఒక్క బెడ్రూం, గరీబోళ్ళకు అంతకంటే ఎక్కువెందుకు అన్నట్టు ఉండేటివి. అటు ఏపీల టిడ్కో ఇండ్లు చూసినా 300 అడుగుల నుంచే మొదలైతయ్. 2015ల ఇక్కడ ఈ స్కీము పెట్టినప్పుడు రెండు బెడ్రూంలు, లబ్ధిదారు చేతి నుంచి ఒక్క రూపాయి కట్టేది లేదు, బ్యాంకు అప్పు లేదు, పట్టా ఇంటి ఆడామె పేరు మీద అన్నరు. అన్నట్టే ఇచ్చిండ్రు, వచ్చినోళ్ళకు. ఆ నాలుగు స్టార్లల్ల రెండు దీనికే.

ఇగ గోడలు. ఇటుక లేదు, మొత్తం కాంక్రీటే, ఫ్రేములు నిలబెట్టి ఒక్కసారే పోసిన గోడలు. దీన్ల మంచీ ఉంది చెడూ ఉంది. మంచి ఏందంటే గట్టితనం, పగుళ్ళు తక్కువ, ప్లాస్టరింగ్ లొల్లి లేదు. చెడు ఏందంటే మామూలు మేకు ససేమిరా దిగదు, దేవుడి పటం పెట్టాలన్నా హ్యామర్ డ్రిల్ కావాలె, మా బ్లాకుల డ్రిల్ ఉన్నది నాకొక్కనికే కాబట్టి పండుగ ముందు ఆదివారమంతా నాకు ఇదే పని, అందరు అన్నా జర రావా అంటరు, పైసలు అడగనీకి మొహమాటం. వైరింగ్ పైపులు కాంక్రీట్ల ముందే పెట్టేసిండ్రు, తర్వాత కొత్త పాయింట్ కావాలంటే గోడ కొట్టి పైపు ఏసే ముచ్చటే లేదు, పైనుంచి కేసింగ్ పట్టీ ఏసుకోవాల్సిందే. కొందరు కిచెన్‌కీ హాలుకీ మధ్య గోడ కొట్టి ఓపెన్ కిచెన్ చేసుకుంటమని మేస్త్రీని పిలిపిస్తున్నరు, దయచేసి చెయ్యకుండ్రి, ఇక్కడ పిల్లర్లు వేరే గోడ వేరే కాదు, ఆ గోడే మీ మీదున్న అన్ని అంతస్తులను మోస్తున్నది. నేను చెప్తే కొందరు వింటలేరు, మా ఇల్లు మా ఇష్టం అంటున్నరు.

ఎండకాలం గురించి కూడా చెప్పాలె, కాంక్రీట్ గోడ పగలంతా వేడి తాగి రాత్రి పది దాటినా వదులుతనే ఉంటది, ఏప్రిల్ మేల పైఅంతస్తోళ్ళు వరండాల పండుకుంటున్నరు, ఏసీ పెట్టే స్తోమత ఎవరికీ లేదు, ఉన్నా ఏసీ పాయింటే లేదు.

నా సబ్జెక్టుకి వస్తే, వైర్లు ఫర్వాలేదు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు) పెట్టిండ్రు, ఎర్తింగ్ ఉంది, మా పాత బస్తీల ఒక్క ఫ్యూజు మీద నాలుగు పోర్షన్లు నడిచేటివి, దాని ముందు ఇది చాలా మేలు. స్విచ్‌లే చీప్ క్వాలిటీ, ఏడాది తిరగకముందే లూజైతున్నయ్, నేను మా ఇంట్లవి మొత్తం మార్చేసిన. కిచెన్ల పవర్ ప్లగ్ ఒకటే, మిక్సీ పెడితే ఇంకోటి పెట్టనీకి లేదు, వాషింగ్ మెషీన్‌కి జాగా ఉంది గానీ పాయింట్ లేదు. ఇవన్నీ డ్రాయింగ్ వేసేటప్పుడే ఒక ఎలక్ట్రీషియన్నో ఇంట్ల వంట చేసే ఆమెనో అడిగితే పైసా ఖర్చు పెరగకుండా సరిపోయేటివి. కరెంటు బిల్లు మాత్రం 200 యూనిట్ల లోపల ఉంటే సర్కారు గృహజ్యోతి స్కీముల జీరో వస్తది, మాకు చాలా నెలలు జీరోనే.

బాత్రూంల లీకేజీ అసలు సమస్య. మీ పైఇంట్ల బాత్రూం నీళ్ళు మీ బాత్రూం సీలింగుకెల్లి చుక్కచుక్క పడ్తయ్, పైనోళ్ళను అడిగితే మాకు సర్కారు ఇచ్చింది మేమెందుకు పైసలు పెట్టాలె అంటరు, ఆఫీసుకు పోతే కాంట్రాక్టర్ గడువు అయిపోయింది అంటరు, ఇగ ఇద్దరి మధ్యల తడిసేది మనం. మా లైన్ల నాలుగిండ్లోళ్ళం చందాలేసుకుని ప్లంబర్‌ని పిలిచి జాయింట్లు వాటర్‌ప్రూఫింగ్ చేయించుకున్నం, అప్పటిసంది ఆగింది.

లిఫ్టుల గురించి రాయకపోతే ఇది రివ్యూనే కాదు. బ్లాకుకి రెండు, అందుల ఒకటి ఎప్పుడూ పడకేసే ఉంటది. కట్టేటప్పుడు షాపుల కిరాయితో లిఫ్టులు, సంపు, వాచ్‌మెన్ ఖర్చు నడుస్తది అన్నరు, మంచి ఆలోచనే, కానీ షాపులు నడవాలంటే జనం ఉండాలె, జనం రావాలంటే లిఫ్టు నడవాలె, ఎవరు ముందు అంటే జవాబు లేదు. అసోసియేషన్ పెట్టి నెలకింత అని అనుకున్నం, సగం మంది ఇస్తరు, సగం మంది ఇయ్యరు, ఇయ్యనోళ్ళల్ల ఇయ్యలేనోళ్ళు కూడా ఉన్నరు, ఎనిమిదో అంతస్తుల ఒక ముసలామె పింఛను మీద బతుకుతది, ఆమెను ఎట్ల అడుగుతవ్? ఆమెకు కింద ఫ్లోరు ఇస్తే అయిపోయేది కదా, కానీ ఫ్లాట్ నంబరు కూడా డ్రాలనే వచ్చింది, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకు పైన, పాతికేండ్ల పోరగాళ్ళకు కింద. మా మేనబావ సింగపూర్ల పని చేస్తడు, అక్కడ హెచ్‌డీబీ అని సర్కారు కట్టిన ఫ్లాట్లల్లనే పదిల ఎనిమిది మంది దాక ఉంటరట, ఇతను కూడా అట్లాంటి ఫ్లాట్ల ఒక రూము కిరాయికి తీసుకుని ఉంటడు. అక్కడ లిఫ్టులు, శుభ్రం చూసుకోనీకి టౌన్ కౌన్సిళ్ళు వేరే ఉంటయట, నెలనెలా చార్జీ, చిన్న ఫ్లాట్‌కి తక్కువ. 1960 సంది కడుతున్నరు వాళ్ళు. కట్టుడు ఒక్కటే పని కాదని వాళ్ళకు ముందే తెలిసినట్టుంది, మన దగ్గర తాళాలు ఇచ్చి ఫోటో దిగినంక ఫైలు మూసేస్తరు.

మెయింటెనెన్స్‌కి రెండు స్టార్లు, అదీ మా వాచ్‌మెన్ అన్న మొహం చూసి.

ఇప్పుడు దూరం. అమ్మ పద్మారావునగర్ దిక్కు మూడిండ్లల్ల పని చేసేది, బస్తీ నుంచి నడిచి పోయేది, మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని మళ్ళా పోయేది. ఇక్కడికి వచ్చినంక పొద్దుగాల షేర్ ఆటోల మెయిన్ రోడ్డుకు, అక్కడ్నుంచి బస్సు, మధ్యల ఇంకో బస్సు, ట్రాఫిక్‌ని బట్టి పోనీకే రెండు గంటలు. 2023 డిసెంబర్ల ఆడోళ్ళకు ఫ్రీ బస్సు వచ్చింది కాబట్టి టికెట్ పైసలు మిగిలినయ్, లేకపోతే జీతంల మూడోవంతు దారిలనే పోయేది. కానీ టైముకి ఫ్రీ స్కీము లేదు కదా. ఏడింటికల్లా గిన్నెలు కడగాల్సిన ఇంటికి తొమ్మిదింటికి పోతే ఎవరు ఉంచుకుంటరు, రెండిండ్లు పోయినయ్, ఒక్క ఇల్లు మిగిలింది, అది కూడా ఆ ఇంటమ్మ మంచిది కాబట్టి. అంటే మాకు కిరాయి మిగిలింది, రెండిండ్ల జీతం పోయింది. నాది బండి మీద తిరిగే పని, పైగా ఇటు దిక్కు కొత్త అపార్ట్‌మెంట్లు మస్తు లేస్తున్నయ్, నాకు పని పెరిగింది కాబట్టి మేం నిలబడ్డం. మా పక్కింటాయన మోండా మార్కెట్ల హమాలీ, తెల్లారి నాలుగింటికి అక్కడ ఉండాలె, ఆ టైముకి ఇక్కడ్నుంచి ఏ బస్సూ లేదు, వారంల ఐదు రాత్రులు మార్కెట్లనే పండుకుంటడు, ఇల్లు వచ్చినంక ఇంటికి దూరమైండు పాపం.

మా ఫ్లోర్ల తాళం పడ్డ ఫ్లాట్లు ఉన్నయ్, ప్రతి ఫ్లోర్లనూ ఉన్నయ్. అప్పుడప్పుడు సర్వేకి వచ్చిన సార్లు చూసి వీళ్ళకు ఇల్లు అవసరమే లేదు, అందుకే ఉంటలేరు, క్యాన్సిల్ చేస్తం అంటరు. అవసరం లేక కాదు సార్, పిల్ల పదో తరగతి సిటీల చదువుతున్నది, పరీక్షలయ్యేదాక అమ్మమ్మ ఇంట్ల పెట్టిండ్రు, అయ్య ఆటో తిరిగేది అఫ్జల్‌గంజ్‌ల. ఇక్కడ సర్కారు బడి చిన్నది, ఇన్ని వేల కుటుంబాల పిల్లలకు యాడ సరిపోతది. అసలు దొంగలు కూడా ఉన్నరు, కాదనను, సొంతిల్లు ఉండి పేరు మార్చి తెచ్చుకున్నోళ్ళు, వాళ్ళ ఫ్లాట్లల్ల కిరాయిదార్లు ఉంటరు. వాళ్ళనూ ఆ పదో తరగతి పిల్ల తల్లినీ ఒకే లిస్టుల ఏస్తే ఎట్ల?

నేను అసలు ఒక్క స్టార్ ఇచ్చింది లైనుకి. హైదరాబాద్ జీహెచ్ఎంసీ పరిధిల ఉన్నోళ్ళ కోసం లక్ష ఇండ్లు కట్టాలనుకున్నరు, దరఖాస్తులు 7 లక్షలు దాటినయ్. వడపోసినంక కూడా లక్షలల్లనే మిగిలిండ్రు. ఇండ్లు తక్కువ, జనం ఎక్కువ, ఇగ ఎట్ల పంచాలె? డ్రా తీసిండ్రు, ఎన్ఐసీ (కేంద్ర సర్కారు కంప్యూటర్ సంస్థ) సాఫ్ట్‌వేర్‌తో, ఒక్కో నియోజకవర్గం నుంచి ఐదొందల మంది లెక్కన. 2023 సెప్టెంబర్ 2న మొదటి విడత దాదాపు 11,700 మందికి, అదే నెల 21న ఇంకో 13,300 మందికి ఇచ్చిండ్రు. డ్రాల మోసం జరిగిందని నేను అంటలేను. నేను అనేది ఏందంటే దవాఖానల ఎవరికి సీరియస్‌గ ఉంటే వాళ్ళను ముందు చూస్తరు, చీటీలు తీసి చూడరు, ఇండ్ల దగ్గరికి వచ్చేసరికి గుడిసెల ఉన్నోళ్ళు, వికలాంగులైన బిడ్డను పెట్టుకుని మూడో అంతస్తు మెట్లెక్కేటోళ్ళు, ఒక రూముల పదేండ్లుగా ఉన్నోళ్ళు, ఏదో కాస్త సౌలత్‌గ ఉన్నోళ్ళు, అందరి పేర్లూ ఒకే డబ్బల ఏసి కలిపిండ్రు. కోటాలు ఉన్నయ్, ఎస్సీలకు 17 శాతం, ఎస్టీలకు 6, మైనారిటీలకు 12 అట్ల, కానీ కోటా లోపల మళ్ళా డ్రానే.

మా అక్క కూడా మాతోపాటే దరఖాస్తు పెట్టింది, అదే మీసేవల, అదే రోజు. మాకు వచ్చింది, ఆమెకు రాలే. ఆమె ఇంట్ల అక్క, బావ, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, ఒక్క రూము, రాత్రయితే బావ మిద్దె మీదికి పోతడు. సర్కారు లెక్కల ఇట్లాంటి ఇల్లు కూడా కొరత కిందకే వస్తది తెలుసా? 2012ల కేంద్రం వేసిన టెక్నికల్ గ్రూపు దేశంల పట్టణాలల్ల 1 కోటి 88 లక్షల ఇండ్లు తక్కువున్నయ్ అని తేల్చింది, అందుల దాదాపు 1.5 కోట్లు ఇరుకుల ఉన్న కుటుంబాలే, పెండ్లయిన జంటకు వేరే రూము లేనోళ్ళు. ఫుట్‌పాత్ మీద పండుకునేటోళ్ళు ఆ లెక్కల చాలా చిన్న భాగం. మొత్తం కొరతల 95 శాతం పైన తక్కువ ఆదాయమోళ్ళదే. ఇంకో విచిత్రం, 2011 జనాభా లెక్కలల్ల పట్టణాలల్ల ఖాళీగ ఉన్న ఇండ్లు కోటి పైన. ఇండ్లు లేక కాదు, అక్కకు అందే రేటుల, బావ పనికి అందే దూరంల లేవు. బయట చూస్తే ఇల్లున్నట్టే, కిరాయి కడుతున్నట్టే ఉంటరు వీళ్ళు, అందుకే ఎవరి కంటికీ ఆనరు.

మరి ఎక్కువ కట్టాలె కదా, ఎక్కడ కట్టాలె అన్నదే నా పంచాయితీ. లక్ష ఇండ్లు 111 చోట్ల పెట్టుకున్నరు, అందుల ఉన్న బస్తీల జాగలనే మళ్ళా కట్టినవి 40 చోట్ల, ఇండ్లు 9 వేల లోపే. మిగిలిన 91 వేలు ఖాళీ జాగలల్ల, ఎక్కువ శాతం ఊరవతల, కొల్లూరు, రాంపల్లి, అహ్మద్‌గూడ అట్ల. కొల్లూరు ఒక్కటే 15,660 ఇండ్లు, 117 బ్లాకులు, 2023 జూన్ల ఓపెనింగ్ చేసినప్పుడు పేపర్లన్నీ ఆసియాలనే పెద్దది అని రాసినయ్. పెద్దది అనేది ఇంట్ల ఉండేటోనికి గొప్ప కాదు, సిటీ మొత్తం గరీబోళ్ళను తీసుకొచ్చి ఒక్క దగ్గర పెడితే ఎవరిండ్లల్ల పనికి పోవాలె, మూడువేల మంది ఆటోవాలాలు ఒక్క గేటు ముందట నిలబడితే బేరం ఎవరికి దొరకాలె.

దీనికి ఎదురుగ ఐడీహెచ్ కాలనీ చూడుండ్రి, బన్సీలాల్‌పేట దగ్గర. ఈ స్కీముల మొట్టమొదటి ఇండ్లు అవే, 2015 నవంబర్ల ఇచ్చిండ్రు, 396 ఇండ్లు, గ్రౌండ్ ప్లస్ టూ, లిఫ్టు లొల్లే లేదు, అక్కడే పాడుబడ్డ ఇండ్లల్ల ఉన్నోళ్ళకే అక్కడే కట్టిచ్చిండ్రు. నేను ఆ కాలనీల పనికి పోయిన, గోడలకు రంగు పోయింది, డ్రైనేజీ కంప్లయింట్లు ఉన్నయ్, ఒక్కో ఇంటి ముందు బైకులు అడ్డం, కానీ తాళాలు లేవు సామీ, జనం ఉన్నరు. పిల్లలు అదే బడికి పోతున్నరు, ఆడోళ్ళు అవే ఇండ్లల్ల పని చేస్తున్నరు. జియాగూడల 840, కట్టెలమండిల 120, గోడే కీ కబర్ దగ్గర 192, ఇవి 2020 అక్టోబర్ల ఒకే రోజు ఇచ్చిండ్రు, మలక్‌పేట పిల్లి గుడిసెల కాడ 288, ఇవన్నీ సిటీ నడిమధ్యలనే. చేస్తే అయితదన్నమాట. కష్టమే, బస్తీని ఖాళీ చేయించాలె, కట్టేదాక వాళ్ళకు కిరాయి ఇయ్యాలె, ఒక్కొక్కరితోని మాట్లాడాలె, ఊరవతల వంద ఎకరాలకు కంచె ఏసుడంత సులువు కాదు. అందుకే అవి 9 వేలు, ఇవి 91 వేలు.

సిటీల జాగ ఎక్కడుంది, పైసలు ఎక్కడున్నయ్ అంటరు. ఒక లెక్క చెప్తా. కొల్లూరు మొత్తానికి అయిన ఖర్చు 1,489 కోట్లు, అంటే రోడ్లు, నీళ్ళు అన్నీ కలిపి ఒక్క ఇంటికి తొమ్మిదిన్నర లక్షలు. అది ఓపెన్ చేసి రెండు నెలలు కాకముందే, అదే ఓఆర్ఆర్ పొంటి కోకాపేటల సర్కారు జాగ వేలం ఏసిండ్రు, 45 ఎకరాలకు 3,300 కోట్ల పైన వచ్చింది, ఒక ఎకరమైతే వంద కోట్లు దాటింది. ఒక్క పొద్దు వేలంల వచ్చిన పైసలతోని ఆ రేటుకి రెండు కొల్లూర్లు కట్టొచ్చు, 30 వేల కుటుంబాలు. సర్కారు జాగ అమ్మొద్దని నేను అంటలేను, అమ్మిన పైసల్ల ఇంత భాగం ఇండ్లకే అని రాసిపెట్టుకోవాలె, అట్లనే అమ్మే ప్రతి దగ్గరా రెండెకరాలు పక్కకు పెట్టి అక్కడే చిన్న కాలనీ కట్టాలె. ఆ ముప్పై అంతస్తుల టవర్లల్ల వంట ఎవరు చేస్తరు, లిఫ్టు ఎవరు చూస్తరు, వైరింగ్ ఎవరు చేస్తరు? మేమే కదా. మేం ఎక్కడి నుంచి రావాలె?

ఇప్పటి సర్కారు 2024 మార్చిల భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్లు మొదలుపెట్టింది, సొంత జాగ ఉన్నోళ్ళకు 5 లక్షలు, బేస్‌మెంట్ నుంచి ఇల్లు అయిపోయేదాక విడతలుగా, నియోజకవర్గానికి 3,500 ఇండ్లు. ఊర్లల్ల ఇది బాగ నడుస్తది, మా చిన్నమ్మోళ్ళు కట్టుకుంటున్నరు, వాళ్ళిష్టమొచ్చినట్టు కట్టుకుంటున్నరు, ఎవరి కాంట్రాక్టరూ లేడు. కానీ సిటీ బస్తీల సొంత జాగ ఎవనికుంది? జాగ ఉంటే ఎల్-1, జాగా లేదు ఇల్లూ లేదంటే ఎల్-2, మా అక్క ఎల్-2ల ఉంది, పాత డబుల్ బెడ్రూంలు మిగిలితే మీకు అన్నరు. మిగిలినవి మళ్ళా ఊరవతలవే, అందుల కొన్నింటిని మూసీ ఒడ్డుమీద ఇండ్లు పోయినోళ్ళకు కూడా ఇయ్యాలె. ఉన్న అదే కుప్పకు రోజుకో కొత్త లైను తయారైతున్నది.

నాకు అర్థం కాని ముచ్చట ఇంకోటి ఉంది, సర్కారుకు ఇల్లంటే పట్టా ఇచ్చుడు ఒక్కటే ఎందుకు తెలుసు? అక్కకు సొంతిల్లు ఇప్పుడే అక్కరలేదు, ఆమె నోటితోనే చెప్పింది, నెలకు మూడు వేలో నాలుగు వేలో కిరాయికి రెండు రూములు, ఓనర్ ఆర్నెల్లకోసారి పెంచకుండా, నీళ్ళ బకెట్లు లెక్కపెట్టకుండా, చుట్టాలొస్తే మొహం మాడ్చుకోకుండా ఉంటే చాలు అన్నది. సర్కారే కట్టి సర్కారే కిరాయికి ఇస్తే ఏమైతది? 2020ల లాక్‌డౌన్ల వలస కూలీలు నడుచుకుంట పోయినంక కేంద్రం ఒక కిరాయి ఇండ్ల స్కీము తెచ్చింది, ఖాళీగ పడ్డ జేఎన్ఎన్‌యూఆర్ఎం ఇండ్లను కిరాయికి ఇయ్యుండ్రి అని. 2024ల మొదలైన పీఎం ఆవాస్ అర్బన్ రెండో విడతల కోటి ఇండ్లు అన్నరు, అందుల కూడా కిరాయి ఇండ్ల విభాగం ఉంది. కాగితం మీద ఉంది, మా బస్తీల ఒక్కరికి దాని పేరు తెల్వదు. పట్టా ఇస్తే ఓటు వస్తది, కిరాయి ఇల్లు ఇస్తే నెలనెలా కంప్లయింట్ వస్తది, నాకైతే ఇదే కారణం అనిపిస్తది. కిరాయి ఇల్లయితే పిల్ల చదువైపోయినంక, పని మారినంక ఖాళీ చేస్తరు, ఇంకొకరికి పోతది, ఒక్క ఇల్లు నాలుగు కుటుంబాలను సాకుతది. పట్టా ఇల్లు ఒక్కసారే.

ఇగ కొత్తగా తాళాలు వస్తున్నోళ్ళకు పనికొచ్చే ముచ్చట్లు రాసి ఆపుత. తాళం తీసుకున్న రోజే అన్ని స్విచ్‌లు ఏసి చూడుండ్రి, ప్లగ్గులల్ల టెస్టర్ పెట్టుండ్రి, ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసేది) ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కుండ్రి. రెండు బాత్రూంలల్ల నీళ్ళు నిండుగ ఒదిలి తెల్లారి కింది ఫ్లాట్ల సీలింగు చూసి రాండ్రి, తడి ఉంటే అప్పుడే రాతపూర్వకంగ ఇయ్యుండ్రి, రిసీవ్డ్ ముద్ర ఏయించుకోండ్రి, తర్వాత నోటిమాట ఎవరూ వినరు. మీటరు మీ పేరు మీదనే ఉందా చూసుకోండ్రి, జీరో బిల్లు కావాలంటే రేషన్ కార్డు నంబరు లింకు కావాలె. అలాట్‌మెంట్ కాగితం లామినేషన్ చేయించకుండ్రి, జిరాక్సులు తీసి అసలుది లోపల పెట్టుకోండ్రి. ఇంట్ల ముసలోళ్ళుండి పైఫ్లోర్ వస్తే కింద వచ్చిన పడుచోళ్ళతోని మీలో మీరే కాగితం రాసుకుని మారకుండ్రి, రేపు సర్వేల ఇద్దరివీ పోతయ్, అర్జీ పెట్టుకోండ్రి.

కొననీకి చూస్తున్నోళ్ళకు, ఈ ఇండ్లు అమ్మనీకి లేదు, కొననీకి లేదు, పిల్లలకు వారసత్వంగ పోతది అంతే. నోటరీ మీద రాసిస్తం, స్టాంపు పేపరు మీద సంతకం పెడతం అని బ్రోకర్లు తిరుగుతున్నరు, ఆ కాగితం చెల్లదు, పైసలు పోతయ్, ఇల్లు క్యాన్సిల్ అయితే అమ్మినోడూ రోడ్డు మీదికే. ఈ రివ్యూ చదివి ఎంతకిస్తవ్ అన్నా అని నాకు మెసేజ్ పెట్టకుండ్రి, మాది ఇయ్యం. వైరింగ్ పని ఏమన్న ఉంటే మాత్రం చెప్పుండ్రి, ఆదివారం కాకుండా.